వెన్నుపాము గాయాలు – సంవేదన మార్గాల విచ్ఛిత్తి: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

వెన్నుపాముకు దెబ్బ తగిలినప్పుడు కాళ్లు, చేతులు కదలకపోవడం అందరి దృష్టికీ వస్తుంది. స్పర్శ, నొప్పి, వేడి, చలి, అవయవాల స్థితి వంటి సంవేదనలకు కలిగే నష్టం మాత్రం బయటికి కనిపించదు. రోగి చెప్పాలి, వైద్యుడు అడిగి రాబట్టాలి. ఈ సంవేదనలు వెన్నుపాములో ఏయే దారుల్లో మెదడుకు చేరతాయో, గాయం ఎక్కడ తగిలితే ఏది పోయి ఏది మిగులుతుందో, పోయిన సంవేదన స్థానంలో నొప్పి ఎలా పుడుతుందో ఈ వ్యాసం వివరిస్తుంది. సంవేదనను వర్ణించే తెలుగు మాటలు రోగపరీక్షలో తెచ్చిపెట్టే చిక్కులనూ చర్చిస్తుంది.

కీలకపదాలు: వెన్నుపాము, సంవేదన మార్గాలు, పృష్ఠ స్తంభాలు, స్పైనోథాలమిక్ మార్గం, బ్రౌన్-సెకార్, నాడీజన్య నొప్పి, తిమ్మిరి.

1. ఉపోద్ఘాతం

ప్రాచీన ఈజిప్టుకు చెందిన ఎడ్విన్ స్మిత్ పపైరస్ సుమారు క్రీ.పూ. 17వ శతాబ్ది నాటి ప్రతి. మెడపూస తప్పిన మనిషిని అందులో వర్ణించిన తీరు గమనించదగినది. ఆ మనిషి చేతులు, కాళ్లు కదలడం లేదని చెప్పి ఊరుకోలేదు. అవి ఉన్న ఎరుకే అతనికి లేదని ఆ లేఖకుడు రాశాడు. ఇది చికిత్సకు లొంగని బాధ అని తేల్చాడు. చలనం పోవడం, ఎరుక పోవడం వేర్వేరు నష్టాలన్న గుర్తింపు అంత పాతది.

తెలుగు ప్రాంతాలలో ఈ గాయాలు కొత్తవి కావు. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికులు, భవన నిర్మాణంలో పరంజాల మీద పనిచేసేవారు, ద్విచక్రవాహనాల మీద వెళ్లేవారు వీటి బారిన పడుతున్నారు. చెట్టు మీదినుంచి జారిపడే ప్రమాదాలను తగ్గించేందుకు తెలంగాణ ప్రభుత్వం 2024లో ‘కాటమయ్య రక్ష’ పేరుతో భద్రతా కిట్ల పంపిణీ మొదలుపెట్టింది. ఎత్తునుంచి పడినవారిలో తరచుగా విరిగేది ఛాతీవెన్ను, నడుమువెన్ను కలిసే చోటు. వయోజనుల్లో వెన్నుపాము చివరి భాగం మొదటి, రెండవ నడుము పూసల మట్టంలో ముగుస్తుంది కనుక ఆ విరుగుడు నేరుగా దానిమీదనే ఒత్తిడి తెస్తుంది. గాయాలతో పాటు వెన్నుకు సోకే క్షయ కూడా మన దేశంలో వెన్నుపామును నొక్కే ఒక ముఖ్య కారణం. దారులు తెగే తీరును అర్థం చేసుకోవడానికి మాత్రం గాయమే సులువైన నమూనా.

2. రెండు దారులు, రెండు చోట్ల దాటు

చర్మం, కండరాలు, కీళ్లు, లోపలి అవయవాల నుంచి వచ్చే సమాచారం 31 జతల వెన్ను నాడుల ద్వారా వెన్నుపాములో ప్రవేశిస్తుంది. ఈ నాడీకణాల దేహాలు వెన్నుపాములో ఉండవు. దానికి పక్కనే, పృష్ఠమూలం మీద ఉబ్బెత్తుగా కనిపించే నాడీసంధిలో ఉంటాయి. ఒక్కొక్క కణం నుంచి బయలుదేరే తంత్రికాక్షం రెండుగా చీలి ఒక శాఖ చర్మానికి, మరొక శాఖ వెన్నుపాముకు వెళుతుంది. ఈ చిన్న వివరం తరువాతి చర్చకంతటికీ ఆధారం.

లోపల ప్రవేశించాక తంతువులు రెండు దారులు పడతాయి. సూక్ష్మస్పర్శ, కంపనం, కీళ్ల స్థితి తెలిపే మందమైన తంతువులు ఎక్కడా ఆగకుండా, వచ్చిన పక్కనే, పృష్ఠ స్తంభాలలో పైకి సాగుతాయి. కాలిబొటనవేలి నుంచి బయలుదేరిన తంతువు మజ్జాముఖం వరకూ ఒకే కణంగా వెళుతుంది. మానవ దేహంలో అత్యంత పొడవైన కణాలు ఇవే. మజ్జాముఖంలో మొదటి నాడీకణసంధి ఏర్పడి, అక్కడ రెండవ కణం ఎదుటి పక్కకు దాటి, థాలమస్ మీదుగా మస్తిష్క వల్కలానికి చేరుతుంది.

నొప్పి, ఉష్ణోగ్రతలను మోసే సన్నని తంతువుల దారి వేరు. ఇవి వెన్నుపాములో ప్రవేశించిన చోటనే, లేదా ఒకటి రెండు ఖండాల దూరంలో, పృష్ఠశృంగంలోని ధూసర పదార్థంలో ఆగుతాయి. రెండవ కణం వెన్నుపాము మధ్యలోనే ఎదుటి పక్కకు దాటి స్పైనోథాలమిక్ మార్గంలో పైకి వెళుతుంది. వేగంలోనూ ఎంతో తేడా ఉంది. సూక్ష్మస్పర్శ తంతువులు సెకనుకు 35 నుంచి 75 మీటర్ల వేగంతో సంకేతాన్ని మోస్తే, సలుపునొప్పిని మోసే ‘సి’ తంతువులు 0.5 నుంచి 2 మీటర్లకు మించవు. రాయి తగిలిన బొటనవేలిలో ముందు చురుక్కుమని, కొంత తడవుకు సలుపు మొదలవడానికి కారణం నొప్పి తంతువుల్లోనే ఉన్న ఇటువంటి వేగభేదం.

ఒక దారి మజ్జాముఖంలో దాటుతుంది, మరొకటి వెన్నుపాములోనే దాటుతుంది. ఈ తేడా లేకపోతే వెన్నుపాము గాయాల సంవేదన శాస్త్రం చాలా సులభమయ్యేది, అంతగా ఆసక్తికరమూ కాకపోయేది.

3. సగం తెగిన వెన్నుపాము

ఈ దాటును ప్రయోగపూర్వకంగా నిరూపించినవాడు షార్ల్-ఎడ్వార్ బ్రౌన్-సెకార్. ఆయన 1817లో మారిషస్‌లోని పోర్ట్ లూయీలో జన్మించాడు. సంవేదనలన్నీ పృష్ఠ స్తంభాల గుండానే వెళతాయన్న అభిప్రాయం ఆనాడు బలంగా ఉండేది. జంతువుల వెన్నుపామును ఒక పక్క మాత్రమే కోసి ఆయన చేసిన ప్రయోగాలు ఆ అభిప్రాయాన్ని నిలవనీయలేదు. కోసిన పక్క చలనం పోయింది. నొప్పి తెలియకపోవడం మాత్రం ఎదుటి పక్క కనిపించింది. తరువాత మనుషుల్లోనూ ఇదే చిత్రం కనిపించడంతో ఆ లక్షణ సముదాయానికి ఆయన పేరే స్థిరపడింది.

ఛాతీవెన్ను మట్టంలో కత్తిపోటు కుడి సగాన్ని తెంచిందనుకుంటే, కుడికాలు కదలదు. దాని స్థితి, కంపనం తెలియవు. సూదితో గుచ్చితే మాత్రం కుడికాలికి తెలుస్తుంది. ఎడమకాలు చక్కగా కదులుతుంది, కానీ దానికి వేడి, సూదిపోటు తెలియవు. ‘నడవలేని కాలికి నొప్పి తెలుస్తోంది, నడిచే కాలికి తెలియడం లేదు’ అని రోగి చెబితే వినేవారికి అది పొంతనలేని మాటగా తోచవచ్చు. నిజానికి అది శరీరనిర్మాణానికి అక్షరాలా సరిపోయే వాక్యం.

అయితే పాఠ్యగ్రంథాల బొమ్మల్లో ఉన్నంత శుద్ధంగా ఈ విభజన దేహంలో ఉండదు. మామూలు స్పర్శ కొంత పృష్ఠ స్తంభాల గుండా, కొంత స్పైనోథాలమిక్ మార్గం గుండా వెళుతుంది. అందువల్ల సగం తెగినప్పుడు దూదితో తాకితే తెలియకపోవడం అరుదు. స్పర్శ ఉంది కనుక దారులు బాగానే ఉన్నాయనుకోవడం ఇందుకే పొరపాటు.

గాయం మధ్యలో తగిలితే చిత్రం మరొకలా ఉంటుంది. వయసు మీరినవారు ముందుకు పడి మెడ వెనక్కి విరుచుకున్నప్పుడు మెడభాగపు వెన్నుపాము నడుమ దెబ్బతింటుంది. 1954లో ష్నైడర్, ఆయన సహచరులు వర్ణించిన ఈ స్థితిలో కాళ్లకన్నా చేతులు ఎక్కువగా బలహీనపడతాయి. మధ్యలో దాటే నొప్పి తంతువులు తెగితే భుజాలమీద కప్పుకున్న శాలువా ఆకారంలో వేడి, నొప్పి తెలియకుండా పోతాయి. స్పర్శ మిగిలి ఉంటుంది. ముందువైపు ధమని మూసుకుపోయినప్పుడు వెన్నుపాము ముందు భాగం దెబ్బతిని చలనం, నొప్పి రెండూ పోయినా, కాలి స్థితిని తెలిపే పృష్ఠ స్తంభాలు బతికి ఉంటాయి. వాటికి రక్తం అందించేవి వేరే ధమనులు.

4. తెలియనిది, తెంపుపడనిది

గాయం కింద దేహానికి ఏమీ తెలియదంటే అక్కడి నాడులు చచ్చిపోయాయని సాధారణంగా భావిస్తారు. ఇది సరికాదు. పృష్ఠమూల నాడీసంధిలోని కణం, చర్మానికి వెళ్లే దాని శాఖ, వెన్నుపాము కింది ఖండాలు చాలావరకు క్షేమంగానే ఉంటాయి. పూర్తిగా స్పర్శ లేని కాలిలోనూ సంవేదన నాడుల విద్యుత్ పరీక్ష మామూలు ఫలితమే ఇవ్వవచ్చు. సూది గుచ్చితే సంకేతం పుడుతుంది, నాడి గుండా ప్రయాణిస్తుంది, వెన్నుపామును చేరుతుంది. అక్కడినుంచి పైకి వెళ్లే దారే లేదు.

ఆ సంకేతం పైకి వెళ్లలేకపోయినా అక్కడే ఉన్న చాలక కణాలను కదిలిస్తుంది. గాయమైన తొలిరోజుల్లో అనుక్రియలన్నీ అణగి ఉంటాయి. వారాలు గడిచేకొద్దీ తిరిగివచ్చి, తరచుగా మునుపటికన్నా తీవ్రమవుతాయి. అరికాలు గీరితే కాలు ముడుచుకుంటుంది. పక్కనున్న కుటుంబసభ్యులు ‘తెలుస్తోంది, లాక్కుంటున్నాడు’ అని సంతోషిస్తారు. ఆ కాలు లాక్కున్నది వెన్నుపాము. దాని యజమానికి ఆ సంగతి చూస్తేనే తెలుస్తుంది. ఈ తేడాను మొదట్లోనే ఓపికగా విడమరచి చెప్పకపోతే, కోలుకుంటున్నాడన్న నమ్మకంతో నెలలు గడిచి, పునరావాస శిక్షణ వాయిదా పడే ప్రమాదం ఉంది.

పైకి చేరని సంకేతాలు మరొక తీవ్ర ప్రమాదాన్నీ తెస్తాయి. ఆరవ ఛాతీఖండానికి పైన గాయమైనవారిలో మూత్రాశయం నిండినా, కాథెటర్ మూసుకుపోయినా, మలబద్ధకమున్నా ఆ సంకేతం కింది ఖండాల్లోని సహానుభూత నాడులను రెచ్చగొడుతుంది. రక్తనాళాలు ముడుచుకుని రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. మెదడు దీన్ని గుర్తించి పంపే నిరోధక ఆజ్ఞ గాయాన్ని దాటి కిందికి పోలేదు. తలపోటు, గాయానికి పైన చెమట, ముఖం ఎర్రబారడం, నాడి నెమ్మదించడం దీని గుర్తులు. మూత్రాశయం ఉబ్బినప్పుడు కలిగే ఈ మార్పులను గట్మన్, విటరిజ్ 1947లో వివరించారు. ఇటువంటి వేళ మనిషిని పడుకోబెట్టరాదు. నిటారుగా కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులుచేసి, ముందుగా కాథెటర్ చూడాలి. స్ట్రోక్‌కు దారితీయగల ఈ స్థితికి మూలం ఒక్కోసారి మడతపడిన గొట్టమే కావడం విశేషం.

లోపలి అవయవాల విషయంలో ఒక చిన్న మినహాయింపు ఉంది. వాగస్ నాడి వెన్నుపామును తాకకుండా నేరుగా మెదడుకు వెళుతుంది కనుక పొట్ట నిండిన భావన వంటివి కొంత మిగులుతాయి. చాలామంది కాలక్రమంలో తమ దేహపు పరోక్ష సంకేతాలను చదవడం నేర్చుకుంటారు. మెడ వెనుక చెమట పట్టినా, రోమాలు నిక్కబొడుచుకున్నా మూత్రాశయం నిండిందని గ్రహిస్తారు. ఇది కొత్త జ్ఞానేంద్రియం కాదు. పాత సంకేతానికి దొరికిన పక్కదారి.

5. నొప్పి లేకపోవడం, నొప్పి మిగలడం

ఆరోగ్యవంతుడు నిద్రలోనూ ఒత్తిళ్లు మారుతూ ఉంటాడు. చర్మం నొక్కుకుపోయి రక్తం ఆడని చోట పుట్టే చిన్నపాటి అసౌకర్యమే అందుకు కారణం. ఆ అసౌకర్యం తెలియకపోతే త్రికాస్థి, పిరుదుల ఎముకలు, మడమల మీది చర్మం గంటల తరబడి నలిగి పుండు పడుతుంది. గట్మన్ 1944లో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్‌లో వెన్నుపాము గాయాల కేంద్రాన్ని ప్రారంభించినప్పుడు, పగలూ రాత్రీ రెండు గంటలకొకసారి రోగిని ఒత్తిగిల్లజేయాలని పట్టుబట్టాడు. అంతవరకూ ఈ గాయాలతో బతికినవారు పుండ్ల వల్ల, మూత్రవ్యవస్థ ఇన్ఫెక్షన్ల వల్ల కొద్ది కాలంలోనే మరణించడం పరిపాటి. పోయిన సంవేదన చేసే పనిని గడియారానికి అప్పగించడమే ఆయన తెచ్చిన మార్పు.

తెలుగు ఇళ్లలో మరికొన్ని ప్రమాదాలున్నాయి. ఒళ్లు పట్టేస్తే వేడి ఇటుకతోనో ఉప్పుమూటతోనో కాపడం పెట్టడం మనకు అలవాటు. స్పర్శలేని కాలికి ప్రేమతో పెట్టిన కాపడం లోతైన కాలినగాయంగా మారగలదు. స్నానానికి తోడిన నీటి వేడిని స్పర్శ ఉన్న చేత్తో చూడాలి. బైకు సైలెన్సరుకు కాలు ఆనకుండా చూసుకోవాలి.

విచిత్రమేమంటే, సూదిపోటు తెలియని ఆ కాలే తీవ్రంగా మండవచ్చు. వెన్నుపాము గాయపడినవారిలో సుమారు సగం మందికి నాడీజన్య నొప్పి ఉంటుంది. గాయం మట్టంలో నడుముకు పట్టీ బిగించినట్లు వచ్చేది ఒకటి. గాయం కింద, ఏమీ తెలియని చోట, మంటగానో కరెంటు షాకులుగానో వచ్చేది మరొకటి. రెండవది గాయమైన నెలల తరువాత కూడా మొదలుకావచ్చు. దీనికి ఒకే కారణం చెప్పడం సాధ్యం కాదు. దెబ్బతిన్న చోట నిరోధక కణాలు నశించడం, గ్లియా కణాలు ఉత్తేజితమై పరిసర నాడీకణాలను రెచ్చగొట్టడం, కింది సంకేతాలు అందని థాలమస్ కణాలు తమంతట తామే స్పందించడం వంటివి పరిశోధనల్లో వెల్లడయ్యాయి. గాబాపెంటిన్, ప్రీగాబలిన్ వంటి మందులు కొందరికి ఉపశమనమిస్తాయి. పూర్తిగా నయమయ్యేవారు తక్కువ. ‘స్పర్శే లేనప్పుడు నొప్పెలా ఉంటుంది?’ అని రోగిని అనుమానించే వైఖరి కుటుంబాల్లోనే కాదు, కొన్నిసార్లు వార్డుల్లోనూ కనిపిస్తుంది. ఆ ప్రశ్న తప్పు. నొప్పి అనుభవం మెదడులో పుడుతుంది. కాలు దాని చిరునామా మాత్రమే.

6. మెదడులోని పటం

సంకేతాలు అందని మస్తిష్క వల్కలం ఖాళీగా కూర్చోదు. మెడభాగంలో పృష్ఠ స్తంభాలను కోసిన కోతులమీద నీరజ్ జైన్, కటానియా, కాస్ 1997లో ప్రచురించిన పరిశోధనలో, చేతికి చెందిన వల్కల ప్రాంతం మొదట నిశ్శబ్దమై, నెలలు గడిచాక ముఖస్పర్శకు స్పందించడం మొదలుపెట్టింది. ఈ మార్పు వల్కలంలోనే జరిగిందా, దిగువనా అన్నది చాలాకాలం తేలలేదు. హర్యానాలోని మానేసర్ జాతీయ మెదడు పరిశోధన కేంద్రంలో జైన్ బృందం 2014లో దీనికి ఒక స్పష్టమైన సమాధానం ఇచ్చింది. వల్కలంలోని చిబుక ప్రాంతాన్ని మందుతో స్తంభింపజేసినా, చేతి ప్రాంతం ముఖానికి స్పందించడం ఆగలేదు. మజ్జాముఖంలోని క్యూనియేట్ కేంద్రకాన్ని స్తంభింపజేస్తే ఆగిపోయింది. అంటే మార్పుకు మూలం దిగువన, మెదడు కాండంలో ఉంది. వల్కలంలో విశాలంగా కనిపించేది అక్కడి చిన్న మార్పు నీడ మాత్రమే. భారతీయ ప్రయోగశాల ఒకటి అంతర్జాతీయ వివాదాన్ని ఇంత సూటిగా పరిష్కరించిన ఈ ఉదాహరణ మన విశ్వవిద్యాలయాల జీవశాస్త్ర పాఠాల్లో చోటు చేసుకోదగినది.

తెగిన దారి తిరిగి పెరగకపోవడానికి కారణం కణపు అశక్తత ఒక్కటే కాదని డేవిడ్, అగ్వాయో 1981లో చూపారు. బయటి నాడి ముక్కను అతికించి దారి కల్పిస్తే వెన్నుపాములోని తంత్రికాక్షాలు అందులోకి చెప్పుకోదగినంత దూరం పెరిగాయి. ఒకే సంవేదన కణానికి ఉన్న రెండు శాఖల్లో చర్మం వైపుది తెగితే మళ్లీ పెరుగుతుంది, వెన్నుపాము లోపలిది పెరగదు. పరిసరమే అడ్డు అన్నమాట. అయితే పెరిగిన తంతువు సరైన గమ్యాన్ని వెతుక్కోవడం మరింత కష్టమైన సమస్య.

7. పరీక్ష, పరిభాష

అంతర్జాతీయ ప్రమాణ పరీక్షలో దేహానికి ఇరువైపులా 28 చొప్పున చర్మఖండాలను దూదితోనూ, సూదితోనూ పరీక్షించి 0, 1, 2 అంకెలు ఇస్తారు. ఒక్కొక్క సంవేదనకు గరిష్ఠం 112. చనుమొన నాలుగవ ఛాతీఖండానికి, బొడ్డు పదవ ఛాతీఖండానికి, బొటనవేలు ఆరవ మెడఖండానికి గుర్తులు. వీటన్నిటిలో నిర్ణాయకమైనది మలద్వారం చుట్టూ ఉన్న చివరి త్రికఖండాల పరీక్ష. అక్కడ ఏ కాస్త సంవేదన మిగిలినా గాయం అసంపూర్ణమని లెక్క. భవిష్యత్తు మీద ఆశకు అది గట్టి ఆధారం. సూదిపోటు మిగిలినవారిలో చలనం తిరిగివచ్చే అవకాశమూ ఎక్కువ. నొప్పి మార్గం, చాలక మార్గం వెన్నుపాము పక్కభాగంలో దగ్గరదగ్గరగా ఉండటం ఇందుకు కారణంగా చెబుతారు. సంకోచం వల్ల ఈ ఒక్క పరీక్షను వదిలేస్తే మిగిలిన పరీక్షలన్నీ సగం విలువను కోల్పోతాయి.

పరీక్ష మాటల మీద ఆధారపడుతుంది. తెలుగులో ‘తిమ్మిరి’ అన్న మాటకు స్పర్శ మొద్దుబారడమనీ, చీమలు పాకినట్లు జలజలమనడమనీ రెండర్థాలూ ఉన్నాయి. మొదటిది సంవేదన నష్టం, రెండవది లేని సంవేదన పుట్టుకురావడం. రెండింటికీ కారణాలు, చికిత్సలు వేరు. ‘కాలు చచ్చుబడింది’ అన్నప్పుడు కదలడం లేదనా, తెలియడం లేదనా? వాడుకలో రెండూ చెల్లుతాయి. మరోవైపు నొప్పిని విడదీసి చెప్పడంలో ఈ భాష సంపన్నమైనది. పోటు, సలుపు, మంట, తీపు, గుంజుడు, జివ్వుమనడం వేటికవే ప్రత్యేకం. నాడీజన్య నొప్పిని గుర్తించే ప్రశ్నావళులను ఇంగ్లీషునుంచి మక్కికిమక్కి అనువదించడానికి బదులు, ఈ మాటలు ఏ ప్రాంతంలో ఏ బాధను సూచిస్తాయో సేకరించి వాటిమీద నిర్మించడం మేలు. భాషాశాస్త్ర విభాగాలు, వైద్య కళాశాలలు కలిసి చేయదగిన పని ఇది. రెండింటిలో ఏ ఒక్కటీ విడిగా చేయలేదు.

సంవేదన పటాన్ని ఒకసారి గీసి భద్రపరిస్తే సరిపోదు. గాయమైన నెలలకో, ఏళ్లకో వెన్నుపాములో నీటితిత్తి ఏర్పడి పైకి పాకవచ్చు. నడుము కింద మాత్రమే స్పర్శ లేని మనిషికి ఒకనాడు వంటింట్లో చేయి కాలినా తెలియకపోవడం, దగ్గినప్పుడు కొత్త నొప్పి రావడం దాని తొలి సూచనలు. స్పర్శ బాగానే ఉంటుంది, నొప్పి, వేడి మాత్రమే ముందుగా పోతాయి కనుక దూదితో మాత్రమే పరీక్షిస్తే ఇది దొరకదు. ఏడాదికొకసారి సూదితోనూ పరీక్షించి పాత పటంతో పోల్చి, సంవేదన పోయిన హద్దు పైకి జరిగినట్లు తేలితే వెంటనే ఎంఆర్ఐ తీయించాలి.